‘ఓన్లీ’ అనే చిన్న మాట గురించి ఒక యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ అనువాదం ఆసాంతం చదివాను. కథను ఎంచుకోవడంలోనే నీ అభిరుచి తెలుస్తోంది. సంభాషణలు హాయిగా నడిచాయి. ఉత్తరంలో నువ్వు చాలా సందేహాలు రాశావు గానీ, ఈసారికి ఒక్క మాట దగ్గరే ఆగుతాను. ఇంగ్లీషు మూలంలో ‘ఓన్లీ’ కనబడ్డ ప్రతిచోటా నువ్వు ‘మాత్రమే’ పెట్టుకుంటూ పోయావు. నిఘంటువు తీస్తే మొదట కనబడే అర్థం అదే కాబట్టి నిన్ను కోప్పడను. అయితే ఆ చిన్న మాట ఇంగ్లీషులో చేసే పనులు చాలా ఉన్నాయి. వాటిలో ‘మాత్రమే’కు లొంగేవి కొన్నే.

ముందు తల్లి నవ్వే ఘట్టం చూడు. ఇల్లు విడిచి వెళ్తున్నానని కొడుకు చెబుతాడు. మూలంలో ‘షి ఓన్లీ స్మైల్డ్’ అని మూడే మాటలు. నువ్వు ‘ఆమె మాత్రమే నవ్వింది’ అన్నావు. చదివేవాళ్ళకు ఏమనిపిస్తుంది? గదిలో ఇంకో నలుగురున్నారనీ, వాళ్ళెవరూ నవ్వలేదనీ అనిపిస్తుంది. కథ ప్రకారం అక్కడ ఉన్నది తల్లీ కొడుకులే. మూలరచయిత ఆ మాటతో పక్కన పెట్టింది తల్లి చెయ్యగలిగి ఉండీ చెయ్యని పనుల్ని. ఆమె ఏడవలేదు, వద్దనలేదు, మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు. ‘ఆమె నవ్వి ఊరుకుంది’ అని రాసి చూడు. ‘ఊరుకుంది’ అనగానే ఆవిడ గొంతులోనే ఆగిపోయిన మాటలన్నీ పాఠకుడికి అందుతాయి. నిఘంటువులో ‘ఓన్లీ’ ఎదురుగా ‘ఊరుకొను’ అని ఎవరూ రాయరు. అయినా ఈ వాక్యంలో దానికి సరైన తెలుగు అదే.

కాబట్టి ఈ మాట ఎదురైనప్పుడల్లా ముందు ఒక ప్రశ్న వేసుకో: ఇక్కడ దేన్ని మినహాయిస్తున్నారు? ‘ఓన్లీ’ ఉన్న వాక్యంలో చెప్పిన విషయం ఒకటైతే, చెప్పకుండా కాదన్న విషయం ఇంకొకటి ఉంటుంది. మనుషుల్ని మినహాయిస్తోందా, పనినా, కాలాన్నా, అంకెనా, లేక ఆ మనిషికి రావలసిన గౌరవాన్నా? అది తేలేదాకా కలం కదపకు. తేలిందంటే తెలుగు మాట దానంతటదే వస్తుంది.

ఈ మాట పుట్టుక తెలిస్తే నీకు ఇంకొంచెం పట్టు చిక్కుతుంది. పాత ఇంగ్లీషులో ‘ఆన్’ అంటే ఒకటి. దానికి ‘వంటి’ అనే అర్థమిచ్చే ప్రత్యయం చేరి ఈ మాట తయారైంది. చివరనున్న ‘లీ’ ఆ ప్రత్యయం తాలూకు మిగులే. ‘వన్’ అనే అంకెకు ముందు ‘వ’ ధ్వని తర్వాతి కాలంలో వచ్చి చేరింది. ‘ఓన్లీ’కి ఆ మార్పు సోకలేదు, పాత పలుకే నిలిచింది. అందుకే ఈ రెండూ ఒకే తల్లి పిల్లలని చెవికి తెలియదు. ‘ఆల్’, ‘వన్’ కలిస్తే ‘అలోన్’ అయింది. అందులోంచి ‘లోన్లీ’ వచ్చింది. తెలుగు కూడా ఇదే దారిలో నడిచింది చూడు. ఒకటి, ఒక్క, ఒకే, ఒంటి, ఒంటరి, అన్నీ ఒక కుదురువే. ‘ఓన్లీ’లో ‘ఒకటి’ దాగుందని గుర్తుంచుకుంటే ‘ఒక్క’, ‘ఒకే’ అనే మాటలు నీకు సమయానికి తడతాయి. 1933 మార్చి 4న అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తూ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అన్న మాట నువ్వు వినే ఉంటావు: ‘ద ఓన్లీ థింగ్ వి హావ్ టు ఫియర్ ఈజ్ ఫియర్ ఇట్‌సెల్ఫ్’. దాన్ని ‘మనం భయపడవలసిన ఏకైక విషయం భయం మాత్రమే’ అని రాస్తే చచ్చుబడిపోతుంది. ‘మనం భయపడాల్సింది ఒక్క భయానికే’ అను. ముందు ‘ఒక్క’, చివర ‘కే’. రెండు చిన్న మేకులతో వాక్యం బిగిసిపోయింది.

ఇంగ్లీషులో నువ్వు రాస్తున్న వ్యాసాల గురించి కూడా అడిగావు కాబట్టి, అక్కడ ఈ మాటను ఎక్కడ ఉంచాలన్నది చెబుతాను. ‘షి టోల్డ్ మీ ద ట్రూత్’ అనే వాక్యం తీసుకో. దీని మొదట్లో ‘ఓన్లీ’ పెడితే నిజం చెప్పింది ఆమె ఒక్కతే, మిగతావాళ్ళు చెప్పలేదు. ‘మీ’కి ముందు పెడితే నాకే చెప్పింది, ఇంకెవరికీ చెప్పలేదు. ‘ద ట్రూత్’కు ముందు పెడితే చెప్పిందంతా నిజమే, అబద్ధం కలపలేదు. ‘టోల్డ్’కు ముందు పెట్టావనుకో, చెప్పి ఊరుకుంది, రాసివ్వలేదనో రుజువు చూపలేదనో అర్థం రావచ్చు, పై అర్థాల్లో ఏదైనా కూడా రావచ్చు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు సాధారణంగా క్రియకు ముందున్న ఈ చోటునే ఎంచుకుంటారు. నోటితో అన్నప్పుడు ఏ పదం మీద గొంతు నొక్కితే ఆ పదానికి ‘ఓన్లీ’ అతుక్కుంటుంది. కాగితం మీద ఆ గొంతు ఉండదు. చిక్కంతా అక్కడే.

ఈ తగువు ఇప్పటిది కాదు. 1760ల్లోనే రాబర్ట్ లౌత్ అనే మతాధికారి తన ఇంగ్లీషు వ్యాకరణంలో దీన్ని పట్టుకున్నాడు. జనం ‘ఐ ఓన్లీ స్పేక్ త్రీ వర్డ్స్’ అంటారు గానీ, వాళ్ళ ఉద్దేశానికి సరిపోయేది ‘ఐ స్పేక్ ఓన్లీ త్రీ వర్డ్స్’ అని ఆయన అభిప్రాయం. ఆ తర్వాత బడిపంతుళ్ళు దాన్ని కఠిన నియమంగా మార్చి పిల్లల చేత వల్లె వేయించారు. 1926లో హెచ్. డబ్ల్యు. ఫౌలర్ తన వాడుక నిఘంటువులో అంత పట్టుదల అక్కర్లేదన్నాడు. ‘హి ఓన్లీ డైడ్ ఎ వీక్ ఎగో’ అంటే, అతను పోయి వారమే అయిందని అందరికీ అర్థమవుతుంది, ఎవరూ పొరబడరు, అలాంటప్పుడు మాటను జరపడం దేనికని ఆయన వాదన.

నేను ఇద్దరి మాటా వింటాను, కాకపోతే చోటును బట్టి. పాత్ర మాట్లాడుతుంటే ఫౌలర్ చెప్పినట్టు సహజమైన చోటే ఉండనివ్వు. మనిషి గొంతు వినబడాలి కదా. నువ్వు నేరుగా పాఠకుడితో మాట్లాడే వ్యాసంలో మాత్రం లౌత్ మాట పాటించు. ‘ఓన్లీ’ని అది మినహాయించే పదం పక్కనే కూర్చోబెట్టు. నియమాలూ సూచనలూ రాసేటప్పుడైతే ఇందులో రాజీ పడకు. ‘మెంబర్స్ మే ఓన్లీ బారో బుక్స్ ఆన్ సండేస్’ అని ఒక గ్రంథాలయం గోడ మీద రాసి ఉందనుకో. ఆదివారం పుస్తకాలు తీసుకోవచ్చు గానీ తిరిగివ్వకూడదా? పుస్తకాలే గానీ పత్రికలు ఇవ్వరా? లేక ఆదివారాల్లోనే ఇస్తారా? రాసినవాడికి సందేహం లేదు. చదివే ముగ్గురూ మూడు రకాలుగా వెళ్తారు. చెక్కు మీద మొత్తాన్ని అక్షరాల్లో రాసి చివర ‘ఓన్లీ’ చేరుస్తారు చూశావా, ఆ తర్వాత ఎవరూ ఇంకో అంకె ఇరికించకుండా అక్కడితో మూసేయడానికి. ఆ మాటకున్న బలం అదీ. అంత బలమున్న మాటను ఎక్కడ పడితే అక్కడ వదిలెయ్యకూడదు.

ఇక మన ఏకారం. తెలుగులో పదం చివర ‘ఏ’ చేరిస్తే చాలు, ఈ పని అయిపోతుంది. ఆమే చెప్పింది, నాకే చెప్పింది, నిజమే చెప్పింది. ఇంగ్లీషువాళ్ళు మాటను ఎక్కడ పెట్టాలా అని శతాబ్దాలుగా తగువులాడుకుంటుంటే, మన ప్రత్యయం వెళ్ళి సరిగ్గా ఆ పదానికే అంటుకుని కూర్చుంటుంది. చోటు విషయంలో మనకు పేచీ లేదు. మన పేచీ వేరేచోట ఉంది. ‘నిజమే చెప్పింది’ అన్నప్పుడు, నిజం తప్ప ఇంకేం చెప్పలేదని ఒక అర్థం. అవును, ఆమె చెప్పింది నిజమే సుమా అని నొక్కి చెప్పడం ఇంకో అర్థం. వ్యాకరణం దీన్ని అవధారణ అంటుంది. మన ‘ఏ’ మినహాయిస్తుంది, నొక్కి చెబుతుంది కూడా. ఇంగ్లీషువాళ్ళ ‘ఓన్లీ’ పని ప్రధానంగా మినహాయింపే.

మన ఇంగ్లీషులో ‘ఐ కేమ్ యెస్టర్డే ఓన్లీ’ అనే వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా. ‘నిన్ననే వచ్చాను’లోని ఏకారం అది. ఇక్కడి భాషలు మాట్లాడేవాళ్ళం నొక్కి చెప్పడానికి ‘ఓన్లీ’ని పదం వెనక తగిలిస్తాం. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నీ కథలో తెలుగు పాత్ర ఇంగ్లీషు మాట్లాడితే అలాగే మాట్లాడనివ్వు, ఆ మనిషి అసలు గొంతు అదే. కానీ నీ వ్యాసాన్ని వేరే దేశంవాళ్ళు చదువుతారు. ‘షి ఈజ్ మై సిస్టర్ ఓన్లీ’ అని నువ్వు రాస్తే, నీ మనసులో ఉన్నది ‘పరాయిదేం కాదు, మా అక్కే’ అనే ఆప్యాయత. చదివే పరాయివాడికి తోచేది ‘అక్క, అంతకుమించి ఏం కాదు’ అని. దగ్గర చెయ్యాలనుకున్న మనిషిని నీ వాక్యమే దూరం పెట్టేసింది. నీ రెండో వ్యాసంలో ఇలాంటివి మూడు నాలుగు చోట్ల గీతలు గీసి పంపుతున్నాను, చూసుకో. మాట వెనకాల వచ్చినంత మాత్రాన తప్పని అనుకోకు. 1611 నాటి బైబిలు అనువాదంలో ‘హిమ్ ఓన్లీ షల్ట్ దౌ సర్వ్’ అని ఉంది. అక్కడ ‘ఓన్లీ’ వెనకే వచ్చింది. అయితే అర్థం గట్టి మినహాయింపు: ఆయన్ని మాత్రమే సేవించాలి, ఇంకెవరినీ కాదు. నువ్వు చూడాల్సింది ఆ మినహాయింపు ఉందా లేదా అన్నదే.

పై వాక్యానికి నేను ‘మాత్రమే’ వాడాను, గమనించావా? ఆ మాటంటే నాకు పడదని అనుకోకు. ‘మాత్ర’ అంటే కొలత. ఛందస్సులో లెక్కపెట్టే మాత్ర అదే. ఒక హద్దు గీసి ఇంతవరకే అని ఖాయం చెయ్యాల్సిన చోట, అంటే ప్రమాణాల్లో, షరతుల్లో, వీలునామాల్లో ‘మాత్రమే’ గంభీరంగా నిలబడుతుంది. నీ కథలో తాత రాసిన వీలునామా ఉంది కదా, అక్కడ నువ్వు పెట్టిన ‘మాత్రమే’ను ముట్టుకోవద్దు. మామూలు కథనంలోకి వచ్చేసరికి అదే మాట బరువైపోతుంది. ‘నేను రెండు పుస్తకాలు మాత్రమే చదివాను’ కంటే ‘రెండే పుస్తకాలు చదివాను’ తేలిగ్గా నడుస్తుంది. మరీ తక్కువని చెప్పాలంటే ‘రెండే రెండు’ అని మనకు జంటమాట ఉండనే ఉంది. ‘కేవలం రెండు పుస్తకాలు మాత్రమే’ అని రెండు వైపులా కాపలా పెట్టే అలవాటు వార్తల భాషలోంచి నీకూ అంటింది, దాన్ని వదిలించుకో. అన్నట్టు, ఈ జంటమాటలతోనూ కాస్త జాగ్రత్త. అంకె మీద వస్తే తక్కువని అర్థం, ‘నవ్వులే నవ్వులు’ అన్నామా, లెక్కలేనన్ని నవ్వులని అర్థం.

‘మాత్రం’, ‘మాత్రమే’ ఒకటి కావని కూడా చెప్పాలి. ‘అందరూ వెళ్ళారు, నేను మాత్రం వెళ్ళలేదు’ అనేది పోల్చి విడదీయడం. దానికి ఇంగ్లీషులో ‘ఓన్లీ’ నప్పదు. నీ పదకొండో పేజీలో ఈ రెండూ తారుమారయ్యాయి.

అంకెల దగ్గర ఇంకో సంగతి. ‘ఇట్స్ ఓన్లీ ఫైవ్’ అనే వాక్యాన్ని ‘సమయం ఐదు మాత్రమే’ అన్నావు. అలా ఎవరంటారు? ‘ఇంకా ఐదే అయింది’ అంటాం. ఇక్కడ మినహాయించింది మిగతా గంటల్ని కాదు, ‘ఈపాటికి చాలా పొద్దుపోయి ఉంటుంది’ అన్న ఊహని. ఆ ఊహను తోసిపుచ్చే మాట తెలుగులో ‘ఇంకా’. అలాగే ‘షి ఈజ్ ఓన్లీ సిక్స్’ అని తల్లి అంటే ‘దానికింకా ఆరేళ్ళే’. అందులో ‘దాన్నేమీ అనకండి’ అనే వేడుకోలు కూడా ఉంది.

మనుషుల హోదా దగ్గరికొస్తే మరీ సున్నితం. ‘హి వజ్ ఓన్లీ ఎ క్లర్క్’. నువ్వు ‘అతను ఒక గుమాస్తా మాత్రమే’ అని దాటేశావు. ఆ మాట ఎవరి నోట వచ్చిందో చూడాలి కదమ్మా. పెళ్ళికూతురి మేనమామ ఈసడింపుగా అంటున్నాడు, కాబట్టి ‘ఒట్టి గుమాస్తా’ అనాలి. అదే పేజీ కింద ఆ కుర్రాడు తన గురించి తానే అంటాడు. అక్కడ ‘నేనో మామూలు గుమాస్తానండీ’ సరిపోతుంది. ఆ అమ్మాయి తండ్రికి జాలి ఉంది. ఆయన నోట ‘పాపం, గుమాస్తా కుర్రాడు’ అని వస్తుంది. ఇంగ్లీషులో ముగ్గురూ ఒకే మాట వాడారు. తెలుగులో మూడు మాటలు కావాలి, ఎందుకంటే ఆ ముగ్గురూ తక్కువ చేసేది మూడు వేర్వేరు మనసులతో.

ఇక అసలు మినహాయింపే కనబడని వాడుకలున్నాయి. నిన్ను ఎక్కువగా తిప్పలు పెట్టినవి ఇవే. ‘హి రాన్ టు ద స్టేషన్, ఓన్లీ టు ఫైండ్ ద ట్రెయిన్ గాన్’. దీనికి నువ్వు ‘రైలు వెళ్ళిపోయిందని తెలుసుకోవడానికి మాత్రమే అతను స్టేషన్‌కు పరుగెత్తాడు’ అని రాశావు. ఆ సంగతి తెలుసుకుందామని ఎవరైనా పరుగెడతారా? ఇంగ్లీషులో ఆ ‘ఓన్లీ టు’ ఉద్దేశాన్ని చెప్పదు, ఆశ పెట్టుకుని వెళ్తే దక్కిందేమిటో చెబుతుంది. సరిగ్గా ఇదే పని చేసే మాట మనకుంది: తీరా. ‘పరుగు పరుగున స్టేషన్‌కు వెళ్ళాడు. తీరా చూస్తే రైలు వెళ్ళిపోయింది.’ ఒక వాక్యం రెండయింది, కానీ ఆ ఉస్సూరనడం చెక్కుచెదరలేదు.

‘ఓన్లీ దెన్ డిడ్ ఐ అండర్‌స్టాండ్’ అన్నచోట ‘అప్పుడు మాత్రమే నాకు అర్థమైంది’ అన్నావు. అర్థం తప్పలేదు, కానీ తెలుగు మనిషి ఇలా అనడు. ‘అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు’ అంటాడు. మన నుడికారం వాక్యాన్ని వ్యతిరేకంలోకి తిప్పి చెబుతుంది. ఆ తిప్పడంలోనే ఇన్నాళ్ళూ తెలియలేదే అన్న నిట్టూర్పు ఉంది. ‘ఓన్లీ ఇఫ్’కు కూడా ఇదే పద్ధతి: ‘నువ్వు పిలిస్తే గానీ రాను’. పనిలో పనిగా ఇంగ్లీషులో ఇంకొకటి గమనించు. ‘ఓన్లీ దెన్’తో వాక్యం మొదలైతే తర్వాత సహాయక క్రియ కర్తకు ముందు రావాలి. నీ వ్యాసంలో ‘ఓన్లీ దెన్ ఐ అండర్‌స్టుడ్’ అని ఉంది, దిద్దుకో.

అవే రెండు మాటల్ని తిరగేసి ‘ఇఫ్ ఓన్లీ’ అంటే అది షరతు కాదు, దక్కనిదాని కోసం పడే ఆరాటం. ‘ఇఫ్ ఓన్లీ హి హాడ్ రిటన్’ అంటే ‘ఒక్క ఉత్తరం ముక్క రాసి ఉంటే ఎంత బాగుండేది’. మూలంలో ఉత్తరం అనే మాట లేదు. ‘ఎంత బాగుండేది’ అన్నదీ లేదు. అయినా నేను ధైర్యంగా రాస్తాను, ఎందుకంటే ఆ ఇంగ్లీషు వాక్యం సగంలో ఆగి మిగతాది మనసుకు వదిలేస్తుంది, మన వాక్యానికి ఆ ముగింపు కావాలి. ‘ఐ వుడ్ హావ్ కమ్, ఓన్లీ ఇట్ వజ్ రెయినింగ్’లో ‘ఓన్లీ’ అంటే ‘కాకపోతే’: ‘వచ్చేదాన్నే, కాకపోతే వాన’. ‘ఓన్లీ టూ హ్యాపీ’ అంటే మహా సంతోషమని. అక్కడ ఏ తగ్గింపూ లేదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని. ‘మాత్రమే’లన్నీ వెతికి ఒక్క దెబ్బతో ‘ఏ’గా మార్చేస్తే కుదరదు, అదీ గుడ్డి పనే అవుతుంది. మూలం పక్కన పెట్టుకుని ఒక్కో చోట ఆగి, ఇక్కడ బయట ఉంచిందేమిటో మార్జిన్‌లో పెన్సిల్‌తో రాయి. మనిషి, పని, అంకె, ఊహ, ఆశ, ఏదైతే అది. ఆ తర్వాత ఇంగ్లీషు పుస్తకం మూసేసి, ఆ పాత్ర తెలుగులో ఏమంటుందో పైకి అని, అప్పుడు రాసుకో. మొదట్లో పేజీకి పూట పడుతుంది. పడనీ. కొన్ని చోట్ల పైన చెప్పిన వాటిలో ఏదీ అతకకపోవచ్చు, అప్పుడు వాక్యాన్నే కొత్తగా కట్టు. సంపాదకులు ఎందుకు మార్చావని అడిగితే ఆ పెన్సిల్ గీతలే చూపించు.

పదకొండో పేజీ, రైల్వేస్టేషన్ ఘట్టం, గుమాస్తా సంభాషణ, ఈ మూడూ ముందు దిద్ది పంపు. ‘జస్ట్’ గురించి అడిగావు. దాని కథ ఇంతకంటే పొడుగు, అవి చూశాక రాస్తాను.

ఆశీస్సులతో.